స్కూల్ లేట్ మెసేజ్: ఐదుకి నాలుగు స్టార్లు

మా అబ్బాయి హనుమకొండలో తొమ్మిదో తరగతి. మొదటి పీరియడ్‌లో టీచర్ యాప్‌లో హాజరు వేయగానే, క్లాసులో లేని పిల్లల ఇంటికి మెసేజ్ వస్తుంది. ముందు మావారి నంబరుకు వెళ్లేది, ఆయన డ్యూటీ దిగాకే చూసేవారు. నా నంబరు ఇచ్చాకే ఉపయోగం తెలిసింది.

జూన్‌లో ఒకే వారంలో మూడు వచ్చాయి. కూర్చోబెట్టి అడిగితే, ఆర్టీసీ బస్సు నిండిపోయి స్టాపులో ఆగట్లేదన్నాడు. ఇప్పుడు 15 నిమిషాలు ముందే టిఫిన్ పెట్టి, ముందు బస్సుకు పంపుతున్నాను. ఆగస్టులో ఒక్కటే వచ్చింది.

మెసేజ్ ఇంగ్లీషులోనే ఉండటం పెద్ద లోపం. పక్కింటి పెద్దమ్మ మనవడి మెసేజ్ నాతో చదివించుకుంటుంది. తెలుగులో పంపండి. లేటుగా వచ్చిన రోజు కూడా 'ఆబ్సెంట్' అనే వస్తోంది, అది చూస్తే పిల్లాడు ఎక్కడున్నాడోనని ప్రాణం పోతుంది.