మాడ్రిడ్‌లో కొన్న నల్ల లేసు గౌను

ఏ బట్టనైనా లోపలికి తిప్పి చూడకుండా కొనను. ఆల్టరేషన్ పనితో బతికేదాన్ని, అలవాటు పోదు. మాడ్రిడ్‌లో ఒక పాత బట్టల కొట్లో ఈ నల్ల లేసు కాక్‌టెయిల్ గౌనును తిప్పగానే మెడ దగ్గర పట్టీ మీద 'ఎయిసా' అని కనిపించింది. కొట్టువాడికి ముందే తెలుసులెండి, ధర చూస్తేనే అర్థమైంది.

ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టోబాల్ బాలెన్సియాగా స్పెయిన్‌లో నడిపిన కుట్టుశాలల పేరు ఎయిసా. వాళ్లమ్మ ఇంటిపేరు ఎయిసాగిర్రేని కుదించి పెట్టుకున్నాడాయన. గెటారియా అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఆవిడ బట్టలు కుట్టేది. 1895లో పుట్టిన ఆ పిల్లాడు 1937లో ప్యారిస్‌లో సొంత దుకాణం తెరిచాడు.

గౌను బయటికి గుడారంలా ఉంటుంది. నడుమన్నదే లేదు. లేసు భుజాల నుంచి వదులుగా దిగి, మోకాళ్ల దగ్గర కుచ్చుల అంచుతో ఆగిపోతుంది. 1958లో ఆయన తెచ్చిన బేబీడాల్ కోత ఇదే. అసలు పనంతా లోపల ఉంది: ఒంటిని పట్టి ఉండే నల్ల సిల్కు స్లిప్పు, దాని నడుముకి గట్టి రిబ్బను పట్టీ, రెండు హుక్కులు. బరువంతా ఆ పట్టీ మోస్తుంది, భుజాలకి తెలియనే తెలియదు. వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగాను. నేను ఆగాక లేసు ఆగుతోంది!

ఇక గౌను చేతులు. చెయ్యి సరిగ్గా కూర్చోలేదని కుట్లు విప్పించి మళ్లీ మళ్లీ వేయించేవాడని ఆయనకు పేరు. పై అరలో డబ్బా అందుకుని చూశాను, కింద అంచు పైకి లేవలేదు. నేను కుట్టిన వాటిలో అలా నిలబడినవి ఎన్నో చెప్పను.

లోపం కూడా చెప్పాలి. 'ఎక్కడా చిరుగు లేదు' అని అమ్మాడు. ఎడమ చంక కింద చెమటకి సిల్కు చివికిపోతే, ఎవరో ఇస్త్రీపెట్టెతో అంటించే అతుకు వేసి కప్పేశారు. ఆ జిగురు వదిలించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మీరు కొంటే ముందు చంకలు చూడండి, తర్వాతే లేబులు.

తర్వాత పేరుమోసిన డిజైనర్లు కుర్రెజ్, ఉంగారో ఆయన దగ్గరే పని నేర్చుకున్నారు. 1968లో ఆయన ప్యారిస్ దుకాణం మూసేశాడు, 1972లో పోయాడు. ఇప్పుడు ఆ పేరుతో లావు అడుగుల బూట్లు వస్తున్నాయి. వాటితో నాకు పేచీ లేదు, కానీ చెయ్యి ఎత్తి చూసుకునేది వాటిలో ఏముంది?

నాకు మాత్రం నడుము దగ్గర అంగుళం బిగువు, హుక్కులు పెట్టాలంటే ఊపిరి బిగబట్టాలి. పక్క కుట్లలో రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదిలారు, విప్పితే సరిపోతుంది. అంతా చేతికుట్టే. మూడు వారాలుగా కత్తెర పక్కనే పెట్టుకున్నాను గానీ చేతులు రావడం లేదు.