గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ఆటోమేటిక్ కారు: కొన్నేళ్ల వాడకం తరువాత

కడప, రాయచోటి మధ్య కొన్నేళ్లుగా నేను నడుపుతున్నది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ద్రవం ద్వారా గేర్‌బాక్సుకు అందించే రకం) ఆటోమేటిక్, పెట్రోలు బండి. ఘాట్ ఎక్కేటప్పుడు దీనికి వంక పెట్టడానికి ఏమీ లేదు. గేర్‌బాక్సు అసలు గుణం బయటపడేది గువ్వలచెరువు దాటి కడప వైపు దిగేటప్పుడే.

లివరును ‘డి’ (గేర్లను బండే మార్చుకునే డ్రైవ్ స్థానం)లోనే ఉంచి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే, గేర్‌బాక్సు పై గేరుకు వెళ్లిపోతుంది. బండిని నిదానింపజేసే ఇంజిన్ పట్టు సడలి బండి వేగం అందుకుంటుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. గట్టిగా బ్రేకు తొక్కితే ఒక గేరు తగ్గించే తెలివి దీనికి ఉంది గానీ, మలుపు తిరగ్గానే మళ్లీ పై గేరు వేసుకుంటుంది కనుక దాన్ని నమ్ముకుని ఘాట్ దిగలేము.

అందుకని వాలు మొదలు కాకముందే గేరును నేనే ఎంచుకునే మాన్యువల్ మోడ్‌కు మార్చి మూడో గేరులో, మలుపులు బిగుసుకున్న చోట రెండో గేరులో దిగుతాను. రెండో గేరులో 40 కిలోమీటర్ల వేగానికి ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్ల) ముల్లు 3000 దాటుతుంది. ఆ మోతకు ఇంజిన్ పాడవుతుందేమోనని పక్కనున్నవారు కంగారుపడతారు (మా ఇంట్లో ఈ వాదన ఇంకా తెగలేదు), కానీ ఇంజిన్ దాటకూడని హద్దును చూపే ఎర్ర గీత అక్కడికి చాలా దూరం. పైగా అలా దిగుతున్నంతసేపూ ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికైనా పెట్రోలు కాలుతుంది కాబట్టి, న్యూట్రల్‌లో దిగితే మైలేజీ వస్తుందన్న మాట ఈ కాలపు బండ్లకు చెల్లదు.

నాకు నచ్చనిది ఒకటుంది. వేగం మీద ఉన్నప్పుడు రెండో గేరు అడిగితే బీప్‌మని నిరాకరిస్తుంది. అది ఇంజిన్‌ను కాపాడడానికే అయినా, సరిగ్గా అవసరమైన క్షణంలో ముందు బ్రేకు తొక్కి, ఆ తరువాత గేరు అడగాల్సి వస్తుంది. ఇంజిన్ పట్టుతో వేగం తగ్గినప్పుడు వెనుక బ్రేకు లైట్లు వెలగవు కూడా, కనుక వెనుక లారీ దగ్గరగా ఉంటే పెడల్‌ను ఒకసారి తేలికగా తాకిస్తాను.

వేసవి మధ్యాహ్నాల్లో లోడు లారీల వెనుక దిగితే కాలిన బ్రేకు లైనర్ల వాసన అద్దాలు మూసినా లోపలికి వస్తుంది. నా బండిని ‘డి’లో దింపిన రోజు కింద ఆపి చూస్తే ముందు చక్రాల దగ్గర సెగ కొట్టింది, రెండో గేరులో దింపిన రోజు ఆ సెగ నామమాత్రం. అయినా బ్రేకు ఆయిలును మాత్రం రెండేళ్లకోసారి మార్పిస్తున్నాను, ఎందుకంటే ఆ ఆయిలు మరిగితే బ్రేకు పట్టదు; డాట్ 4 అనే బ్రేకు ఆయిలు ప్రమాణం ప్రకారం కొత్త ఆయిలు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు గానీ, తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155కు దిగుతుంది.