టమియా 1/20 మెక్‌లారెన్ ఎంపీ4/4: తిరుపతి ఎండలో, తేమలో కొన్నేళ్లు చూసిన మీదట

జపాను కంపెనీ టమియా వారి 1/20 (అసలులో ఇరవయ్యో వంతు) మెక్‌లారెన్ ఎంపీ4/4 ఫార్ములా వన్ పందెం కారు ప్లాస్టిక్ నమూనా కిట్టును నేను ఒకటికి మించి కట్టాను. మొదట కట్టిన కారు ఇప్పటికీ మా ఇంటి అద్దాల బీరువాలో ఉంది. ఎన్నో ఎండాకాలాలు, వానాకాలాలు దాటిన తరువాత దాని రంగు, డెకాళ్లు (నీళ్లలో నానబెట్టి అతికించే అక్షరాలు, గుర్తులు), అతుకులు ఏ స్థితిలో ఉన్నాయో చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ముక్కలు ఒకదానికొకటి అమరే తీరులో ఇంత నమ్మదగిన ఫార్ములా వన్ కిట్టు నా చేతికి మరొకటి రాలేదు. అయితే కారుకు అందం వచ్చేది రంగు పనితోనే. ఆ పనిని మన తిరుపతి ఎండకూ, కార్తీకంలో గోడలకు కూడా చెమ్మ పట్టే తేమకూ తగ్గట్టు చేసుకోగలిగిన వారికే ఈ కిట్టు పూర్తి ఫలం ఇస్తుంది.

అసలు కారు సంగతి తెలియకుండా నమూనా విలువ తెలియదు. 1988లో జరిగిన 16 పందేల్లో 15 ఈ కారే గెలిచింది. అందులో ఎనిమిది డ్రైవరు అయర్టన్ సెన్నావి, ఏడు అతని జట్టు సహచరుడు అలెన్ ప్రోస్ట్‌వి. చేజారిన ఒక్కటి ఇటలీలోని మోంజా పందెం. అక్కడ ముందు సాగుతున్న సెన్నా, ఒక రౌండు వెనకబడిన జాన్ లూయీ ష్లెసర్ కారును దాటబోయి తగులుకోవడంతో గెలుపు ఫెరారీ వాడు గెర్హార్డ్ బెర్గర్‌కు దక్కింది. ఆ ఏడాది టర్బో ఇంజన్లకు బూస్ట్ పీడనం (లోపలికి గాలిని నెట్టే ఒత్తిడి) 2.5 బార్‌కూ, పందేనికి ఇంధనం 150 లీటర్లకూ పరిమితం చేశారు. బలానికి కట్టడి పడినప్పుడు గాలిని చీల్చుకుపోయే ఆకారానికి విలువ పెరుగుతుంది. మెక్‌లారెన్ ఇంజనీర్లు స్టీవ్ నికోల్స్, గోర్డన్ ముర్రేల బృందం డ్రైవరును దాదాపు పడుకోబెట్టినట్లు కూర్చోబెట్టింది. హోండా 1.5 లీటర్ల వీ6 ఇంజనులో క్లచ్ చిన్నది కావడంతో, ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టు కిందికి దిగింది. ఈ మాటలన్నీ నేను పుస్తకాల్లో చదివినవే అయినా, ఇంజను ముక్కను అడుగు పలక మీద అమర్చి పక్కనుంచి చూసినప్పుడే అది ఎంత కిందికి ఒదిగి ఉందో కంటికి తెలిసింది. పై డొప్పను తీసి పెట్టుకునే వీలుండటం వల్ల ఆ అమరికను ఇప్పటికీ ఇంటికి వచ్చినవారికి చూపించగలుగుతున్నాను. ఈ కిట్టు నాకు ఇచ్చినవాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

అతికించే పని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ముక్కలను ఫ్రేము నుంచి కత్తిరించి, మిగిలిన ముల్లును 400 నంబరు వాటర్ పేపరుతో సాఫు చేసి, పలుచటి సిమెంటును బ్రష్‌తో అతుకు అంచున తాకిస్తే చాలు, అది సందులోకి తనంతట తానే పాకుతుంది. సస్పెన్షన్ కడ్డీలు సన్నగా ఉంటాయి కనుక వాటి మీది అచ్చుగీతను బ్లేడుతో అడ్డంగా గీకి తీసేటప్పుడు కింద వేలు ఆనించి పట్టుకోవాలి. నాలుగు చక్రాలూ ఒకేసారి నేలకు ఆనుతున్నాయా అన్నది సిమెంటు గట్టిపడకముందే అద్దం పలక మీద పెట్టి చూసుకోవాలి. అసలు కారు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2875 మిల్లీమీటర్లు. నమూనాలో అది 14 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే కాబట్టి, వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒక చక్రం గాలిలో లేచి కనిపిస్తుంది.

రంగు దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఈ కారు తెలుపు, ఫ్లోరోసెంట్ ఎరుపు. ఆ ఎరుపు పలుచని రంగు. కింద ఏ రంగు ఉంటే దానిని పైకి చూపిస్తుంది. అందుకని కింద మచ్చలేని తెలుపు ఉండాలి. నేను బూడిద రంగు ప్రైమర్ వేసి, గీతలూ గుంటలూ వెతికి సరిచేసి, దాని మీద తెల్ల ప్రైమర్, ఆ తరువాత టమియా స్ప్రే డబ్బా టీఎస్-26 తెలుపు వేస్తాను. తెలుపు పూర్తిగా ఆరిన తరువాత పసుపుపచ్చ మాస్కింగ్ టేపుతో హద్దులు కట్టి, టేపు అంచును పళ్లపుల్లతో నొక్కి, ఎరుపు కొట్టే ముందు అదే తెలుపును అంచు మీద మరొకసారి తేలికగా చల్లుతాను. టేపు కింద ఏదైనా సన్నని సందు మిగిలితే దానిలోకి ముందుగా తెలుపే దూరి మూసేస్తుంది, కనుక ఎరుపు లోపలికి పాకదు. ఆ తరువాత టీఎస్-36 ఎరుపును పలుచని పొరలుగా వేసి, చివరి పొర ఇంకా కొంచెం మెత్తగా ఉన్నప్పుడే టేపును దాని మీదికే మడిచి, నెమ్మదిగా వెనక్కి లాగాలి. కత్తితో కోసినంత సూటిగా హద్దు బయటపడే ఆ క్షణం కోసమే నేను ఈ కిట్టును మళ్లీ మళ్లీ కొన్నానంటే అతిశయోక్తి కాదు.

ఈ పనికి తిరుపతిలో అన్ని నెలలూ పనికిరావు. మే నెలలో మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు బొట్టు డొప్పను చేరేలోపే సగం ఆరిపోయి, పైన ఇసుక చల్లినట్లు గరుకు తేలుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల వానల్లో, బాధ మరొక రకం. ఈ స్ప్రే డబ్బాల్లోది లాకర్ (త్వరగా ఆరే) రంగు. అందులోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ అక్కడ చేరి, నలుపు కూడా పాలు కలిపినట్లు తెల్లబారుతుంది. తెలుపు మీద ఇది కనిపించదు కానీ, అడుగు పలకకు వేసే నలుపు మీద వెంటనే బయటపడుతుంది. ఆ నెలల్లో సాయంత్రం దీపం వెలుగులో మెరుపు పూత వేస్తే ఉసిళ్లు వచ్చి వాలతాయి. నా అనుభవంలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎండ ఎక్కాక, పది గంటలకూ మధ్యాహ్నానికీ నడుమ వేసిన రంగు అన్నిటికంటే బాగా కుదిరింది. జపాను స్ప్రే డబ్బాల మీద 40 డిగ్రీలు దాటిన చోట ఉంచవద్దన్న హెచ్చరిక ఉంటుంది. మన ఎండాకాలంలో మేడ మీది గది ఆ హద్దును సులువుగా దాటుతుంది కనుక డబ్బాలను కింది అంతస్తులో, నీడ పట్టున దాచుకోవాలి.

పొరల మధ్య విరామం ఎంతన్నది నాకు సూచనల కాగితం కంటే రేణిగుంట రోడ్డులోని ఒక టింకరింగ్ షెడ్డు పెయింటరే బాగా నేర్పాడు. నిజం కార్లకు రంగు కొట్టే మనిషి, అరచేతిలో పట్టే ఈ డొప్పను ఎంతో శ్రద్ధగా తిప్పి చూసి, “మొదటి కోటు ఆరకుండానే రెండోది కొడితే పొంగి లేస్తాది సార్. ముక్కు దగ్గర పెట్టుకోండి, థిన్నర్ వాసన వస్తా ఉంటే ఇంకా ఆరలేదని లెక్క” అన్నాడు. “వానాకాలమైతే ఎంతసేపు ఆగాలన్నా?” అని అడిగితే, “వాసన పోయేదాకా సార్, గడియారం చూడొద్దు” అన్నాడు. అప్పటి నుంచి నాకు అదే కొలత. లాకర్ రంగుకు ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నేను చూడలేదు.

ఫ్లోరోసెంట్ ఎరుపు ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసుకోవడానికి రెండు ప్లాస్టిక్ చెంచాలకు ఒకే రోజున ఒకే డబ్బాతో తెలుపు, ఎరుపు, మెరుపు పూత వేసి, ఒకటి సొరుగులోనూ మరొకటి పడమటి కిటికీ గట్టు మీదా ఉంచాను. ఎండాకాలం గడిచేసరికి కిటికీ చెంచా నారింజ చాయకు తిరిగి, అంచుల్లో వెలిసిన గులాబీ రంగులోకి వచ్చింది. సొరుగులోది కళ తగ్గకుండా ఉంది. ఈ జాతి రంగులన్నిటికీ ఎండ పడదు, అది వాటి స్వభావం. బీరువాలోని కారు మాత్రం కిటికీకి ఎదురుగా లేనందువల్ల, ఇన్నేళ్ల తరువాత కూడా సొరుగు చెంచా పక్కన పెడితే తేడా చెప్పలేనంత దగ్గరగా ఉంది. కాబట్టి ఈ కారును కొనేవారు దానిని పెట్టే చోటును కూడా ముందే చూసుకోవాలి.

డెకాళ్ల విషయంలో రెండు మాటలు చెప్పాలి. నాకు వచ్చిన పెట్టెల్లో అసలు కారు మీద ఉన్న పొగాకు కంపెనీ పేరు అక్షరాలు లేవు. 1988 నాటి రూపమే కావాలనుకునేవారు విడిగా అచ్చు వేసే షీటు తెప్పించుకోవాలి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు పంపిన పాత నిల్వ షీటు పసుపుబారి వచ్చింది. దానిని పారదర్శక కవరులో పెట్టి, కిటికీ అద్దానికి లోపలి వైపు అతికిస్తే మన ఎండకు కొన్నాళ్లలోనే పసుపు విరిగి తెల్లబడింది. ఎరుపును వెలిసేలా చేసే ఎండే ఇక్కడ ఉపకారం చేసింది. డెకాళ్లు నానబెట్టడానికి మా వీధి బోరు నీళ్లు పనికిరావు. ఆరిన తరువాత చుట్టూ తెల్లని ఉప్పు మరక మిగులుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు సీసా ఒకటి కొంటే ఎన్నో కార్లకు వస్తుంది. వంపు ఎక్కువ ఉన్నచోట డెకాలు కింద దానిని అంటించే మార్క్ సెట్టర్, పైన దానిని మెత్తబరిచే మార్క్ సాఫ్టర్ ద్రవాలు రాసి, ముడత కనిపించినా వేలు పెట్టకుండా వదిలేయాలి. ఆరేకొద్దీ అదే లాగుకుని ఒదుగుతుంది.

డెకాళ్లు నిండా ఆరిన తరువాతే టీఎస్-13 మెరుపు పూత వేయాలి. మొదటి పొరలు మంచు పడినంత పలుచగా, పొడిగా ఉండాలి. ఒకేసారి తడిగా కొడితే అది డెకాలును కరిగించి ముడుచుకుపోయేలా చేస్తుంది. టింకరింగ్ షెడ్లలో రెండు భాగాలు కలిపి వాడే టూకే క్లియర్ మెరుపు పూత మరింత గాఢంగా మెరుస్తుంది, గట్టిగా ఉంటుంది. కానీ దాని గట్టిపరిచే ద్రావకంలో ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జి మాస్కు, గాలి ఆడే చోటు లేకుండా దానిని ముట్టుకోకూడదని గట్టిగా చెబుతాను. ఇంట్లో పిల్లలున్నవారు స్ప్రే డబ్బా క్లియరుతోనే, అదీ మేడ మీద ఆరుబయట, సరిపెట్టుకోవడం మేలు. పూత ఆరిన తరువాత 2000 నంబరు వాటర్ పేపరుతో, నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి తేలికగా రుద్ది, ముతక, సన్న, చివరి కాంపౌండులను వరసగా వాడాలి. అంచుల దగ్గర మాత్రం పేపరు తగలనివ్వకూడదు. పూత పలుచగా ఉండేది అక్కడే.

ఇక అదనపు పనులు. సాంచాలో పోసిన ప్లాస్టిక్కు ఎంత మంచి అచ్చులోనైనా తీగంత సన్నగా రాదు కనుక, ఇంజను చుట్టూ వైరింగును మనమే కట్టుకోవాలి. ఇందుకు విదేశీ వైర్లు తెప్పించనక్కరలేదు. మన జిల్లాలో బోరు మోటార్లు కాలని ఊరు లేదు కాబట్టి వైండింగ్ షాపు లేని ఊరూ లేదు. చంద్రగిరి వైపు ఒక షాపులో తూకానికి కొన్న ఎనామిల్ రాగి తీగ నాకు ఏళ్లుగా వస్తోంది. 28 గేజి తీగ దాదాపు 0.376 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 1/20 లెక్కన అది అసలు కారులో ఏడున్నర మిల్లీమీటర్ల కేబులుకు దాదాపు సమానం. రంగు వేసి వంచితే వంచిన చోటే నిలుస్తుంది, రబ్బరు తీగలా తిరిగి లేవదు. సీటు బెల్టులకు చదునైన డెకాలు కంటే పలుచని రిబ్బనూ, లోహపు రేకు బకిల్సూ వాడితే కాక్‌పిట్‌కు ప్రాణం వస్తుంది.

టైర్లకు మధ్యలో అచ్చుగీత ఉంటుంది. దానిని 320 నంబరు పేపరుతో చుట్టూ రుద్దితే గీత పోవడమే కాక, టైరు వాడిన టైరులా కనిపిస్తుంది. ఎంతవరకు రుద్దాలన్నది నేను శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో పందెం కార్లు దిగి వచ్చినప్పుడు దగ్గరి నుంచి చూసి తెలుసుకున్నాను. పరుగెత్తిన స్లిక్ టైరు (పై గాళ్లు లేని నున్నని పందెం టైరు) నల్లగా మెరవదు. నడుమ బూడిద చాయలో, సన్నని గరుకుతో ఉండి, భుజాల దగ్గర కరిగిన రబ్బరు ముద్దలు అంటుకుని ఉంటుంది. మన ప్రాంతపు వారికి ఆ ట్రాకు ఒక పూట ప్రయాణంలో ఉండటం అదృష్టం. ఈ అభిరుచి ఉన్నవారు పందెం రోజున కెమెరాతో వెళ్లి, కార్లను కాక టైర్లను, రేడియేటరు దారులను, బ్రేకు పొడి పట్టిన రిమ్ములను ఫొటోలు తీసుకోవాలని కోరుతున్నాను.

ఖర్చు విషయంలో కొనేవారికి తెలియవలసినది ఏమిటంటే, ప్రైమరు, రెండు రంగులు, క్లియరు, కాంపౌండ్లు, డెకాలు షీటు కలిపితే దాదాపు కిట్టు ధరంత అవుతుంది. స్ప్రే డబ్బాలు విమాన పార్సిలులో రావు కనుక రోడ్డు మార్గంలో వచ్చేవరకు ఓపిక పట్టాలి, లేదా చెన్నై వెళ్లినప్పుడు తెచ్చుకోవాలి. వాటర్ పేపర్లు మాత్రం గాంధీ రోడ్డు హార్డ్‌వేర్ కొట్లలో దొరికేవే సరిపోతాయి.

ఇన్నేళ్లలో మొదటి కారుకు ఒక్క అతుకూ విడలేదు, ఒక్క డెకాలూ లేవలేదు. తెలుపు కొద్దిగా వెన్నచాయకు తిరిగింది, అదీ కొత్త కారు పక్కన పెడితేనే తెలుస్తుంది. ఇంతవరకు ఒక్క కారూ కట్టనివారు ముందుగా ఒకే రంగు ఉన్న కారు ఏదైనా కట్టి, పొర మీద పొర వేయడం చేతికి వచ్చాక దీనిని ఎంచుకోవడం మంచిది. టేపు పట్టడం, ఆగడం తెలిసినవారు మాత్రం సందేహించకుండా కొనవచ్చు. పెట్టెను డిసెంబరులో తెప్పించుకుని, వానలు వెలిసేవరకు ఇంజనూ సస్పెన్షనూ కట్టుకుంటూ ఉంటే, సంక్రాంతి దాటేసరికి డొప్పకు తెలుపు వేయడానికి సిద్ధంగా ఉంటారు.