అమీర్‌పేటలో 35 గంటలు: ఒక ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు సమీక్ష

తొమ్మిదేళ్లుగా ఒక మధ్యతరహా నిర్మాణ సంస్థలో ప్లానింగ్ ఇంజినీరుగా పనిచేస్తూ, ప్రతి నెలా మొదటి వారంలో సైటుకు, ఏ పని ఏ రోజుల్లో జరగాలో గీతలుగా చూపే బార్ చార్టు వేసి పంపుతున్న నేను, ఆ చార్టులో ఎర్ర గీతలకూ నీలం గీతలకూ తేడా ఏమిటని మా కొత్త డైరెక్టరు అడిగిన రోజున తడబడ్డాను. ఎర్రవి ముఖ్యమైన పనులు, నీలంవి అంత ముఖ్యం కానివి అని చెప్పి బయటపడ్డాను కానీ, ఆ జవాబు తప్పని నాకు లోలోపల తెలుస్తూనే ఉంది. ఆ నెలలోనే అమీర్‌పేటలో, మైత్రీవనానికి దగ్గరలో ఉన్న ఒక శిక్షణ సంస్థలో పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) అనే సర్టిఫికెట్ పరీక్షకు సంబంధించిన కోర్సులో చేరాను. సంస్థ పేరు రాయడం లేదు. ఆ వీధుల్లో ఇలాంటివి వరసగా ఉంటాయి కనుక, చేరబోయేవారికి పనికొచ్చేది పేరు కాదు, అక్కడ ఏమి చెబుతారో, ఏమి చెప్పరో అన్నదే.

కోర్సు అయిదు వారాలు, శని ఆదివారాలు, పూటకు మూడున్నర గంటలు; మొత్తం 35 గంటలు. పీఎంపీ పరీక్షకు దరఖాస్తు చేయాలంటే అన్ని గంటల శిక్షణ పొందినట్టు చూపాలి కాబట్టి ఆ లెక్క. ఫోనులో రుసుము 18,000 రూపాయలన్నారు. వెళ్లి కూర్చున్నాక 18 శాతం జీఎస్టీ కలిపి 21,240 రూపాయల రసీదు చేతిలో పెట్టారు. ఎస్టిమేటుకూ అసలు ఖర్చుకూ ఉండే తేడా గురించి తొలి పాఠం అక్కడే అయిపోయిందనుకోవచ్చు. అంతకంటె నన్ను కలవరపెట్టింది మరొకటి. నా పక్కన కూర్చున్న, ఆ ఏడాదే బీటెక్ పూర్తిచేసిన అబ్బాయికి, కోర్సు అయిన వెంటనే పీఎంపీ రాయవచ్చని కౌంటరులో చెప్పారట. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలైనా ఉండాలని, అనుభవం లేనివారికి సీఏపీఎం అనే వేరే పరీక్ష ఉందని, దానికి 23 గంటల శిక్షణ చాలునని అతనికి రెండో వారంలో గానీ తెలియలేదు. చేరే ముందు, ఈ పరీక్షలు నడిపే పీఎంఐ సంస్థ వెబ్‌సైటులో అర్హతల పేజీ ఒకసారి చదువుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలను కౌంటరులో వారి మాటకు వదిలేయవద్దు.

ఇక పాఠాల సంగతి. మొదటి మూడు వారాలు బోధించిన మాస్టారు గతంలో కట్టడాల రంగంలో పనిచేసినవారు. ఆయన పాఠం మొత్తాన్ని ఒకే ఉదాహరణ మీద నడిపారు: గృహప్రవేశానికి ముహూర్తం కుదిరిపోయిన ఇల్లు. ఈ ఎంపిక ఎంత తెలివైనదో రెండో రోజున గానీ నాకు అర్థం కాలేదు. మన దగ్గర ఏ గడువునైనా జరపవచ్చు, ముహూర్తాన్ని మాత్రం జరపలేము. గడువు కదలదు అన్న షరతు ఒక్కటి పెట్టగానే, అంతవరకూ పుస్తకంలో పొడిగా కనిపించిన మాటలన్నీ పని చేయడం మొదలుపెట్టాయి.

ఆయన బోర్డు మీద వేసిన లెక్కను నా నోటుపుస్తకంలోంచి ఇక్కడ దించుతున్నాను. ప్లాస్టరింగ్ 12 రోజులు. తరువాత టైల్స్ 9 రోజులు. ఆపైన తలుపు రెక్కలు బిగించడం 6 రోజులు. టైల్స్ పడ్డాక గానీ నేల మట్టం తేలదు, మట్టం తేలకుండా రెక్క బిగిస్తే కింది అంచు కోయాల్సి వస్తుంది కనుక ఆ వరుస మారదు. చివరికి రంగులు 8 రోజులు. మొత్తం 35. ఇంకొక వైపు, ప్లాస్టరింగ్ కాగానే వైర్లు లాగడం 5 రోజులు, స్విచ్‌బోర్డులు బిగించడం 3 రోజులు, ఆపైన అవే రంగులు. ఇటు లెక్క 28కే ఆగుతుంది. అన్నిటికంటె పొడవైన మొదటి దారే క్రిటికల్ పాత్, చార్టులో ఎర్ర గీత. అందులో ఏ పని ఒక్క రోజు జారినా ఇల్లు ఒక్క రోజు జారుతుంది. రెండో దారిలో, అంటే నీలం గీతలో, ఉన్న 7 రోజుల వెసులుబాటు ఫ్లోట్. స్విచ్‌బోర్డులు లేని ఇంట్లో ఎవరూ కాపురం పెట్టరు కాబట్టి నీలం గీత ముఖ్యం కానిది కాదు. దానికి ఊపిరి పీల్చుకునే చోటు ఉంది, అంతే. మా డైరెక్టరుకు నేను చెప్పిన జవాబులోని తప్పు ఇదే.

అక్కడితో ఆగితే ఏ వీడియోలోనైనా దొరికే పాఠమే. మాస్టారు అక్కడ ఒక ప్రశ్న వేశారు: ఆ 7 రోజులు ఎవరివి? వైర్లు లాగేవాడివా, బోర్డులు బిగించేవాడివా? సగం తరగతి చెరి సగం అన్నది. ఆయన కాలువ బొమ్మ గీశారు. పైఆయకట్టు రైతు నీళ్లన్నీ తన మడికే మళ్లించుకుంటే చివరి ఆయకట్టుకు చేరేది బురదే. వైర్లు లాగేవాడు ఆ 7 రోజులూ తానే వాడేసుకుంటే, అతని పని ఆలస్యమైనా ఇల్లు ఆలస్యం కాదు. కానీ బోర్డులవాడికి ఒక్క రోజు కూడా మిగలదు. దారి మొత్తానికి ఉమ్మడిగా ఉండేది టోటల్ ఫ్లోట్, వెనకవారిని కదిలించకుండా ఒక పని సొంతంగా వాడుకోగలిగేది ఫ్రీ ఫ్లోట్. ఈ లెక్కలో వైర్లు లాగేవాడి ఫ్రీ ఫ్లోట్ సున్నా. తొమ్మిదేళ్లలో నేను పంపిన చార్టుల్లో ఎన్ని సార్లు సబ్‌కాంట్రాక్టరుకు నోటిమాటగా మీకు వారం టైముంది అని చెప్పి, ఆ వారం అతనిది కాదన్న సంగతి తెలియక, వెనక వచ్చే మనిషితో తగువు పెట్టుకున్నానో ఆ సాయంత్రం మెట్రోలో కూర్చుని లెక్కపెట్టుకున్నాను.

ముహూర్తం 33వ రోజన్నది ఆయన చివరిదాకా దాచి చెప్పారు. అంటే ఎర్ర గీత మీద ఫ్లోట్ మైనస్ 2. గడువు ముందే మించిపోయి ఉందని పని మొదలుకాకముందే చెప్పగల అంకె అది. రెండు మార్గాలున్నాయి: ఇంకొక టైల్స్ ముఠాను దింపి 9 రోజుల పనిని 7లో ముగించడం, దాన్ని క్రాషింగ్ అంటారు, డబ్బు ఖర్చవుతుంది, లేదా టైల్స్ పూర్తయిన గదుల్లో తలుపులు మొదలుపెట్టేయడం, దాన్ని ఫాస్ట్ ట్రాకింగ్ అంటారు, చేసిన పని మళ్లీ చేయాల్సిన ప్రమాదం కొని తెచ్చుకుంటాము. తమాషా ఏమిటంటే మేము సైటులో రెండూ చేస్తూనే ఉంటాము, ఏది చేస్తున్నామో ఎరక్కుండా. ఏ పేరూ పెట్టకపోవడం వల్ల, ఖర్చు ఎంచుకున్నామా, ప్రమాదం ఎంచుకున్నామా అని ఎవరూ ఎవరినీ అడగరు.

ఆ మూడు వారాల్లోనే ల్యాగ్ (రెండు పనుల మధ్య ఆగక తప్పని విరామం) గురించి చెబుతూ, స్పాన్ 4.5 మీటర్లకు మించిన స్లాబు కింద సెంట్రింగ్ ఆధారాలు సాధారణంగా 14 రోజులు ఉంచాలన్న ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు భారత ప్రమాణం) నియమాన్ని తీసుకువచ్చారు. మనిషి లేని, కూలి లేని, రోజులు మాత్రం తినే విరామం అది. అంచనాల దగ్గర, మేస్త్రీ ఆరు రోజులంటే అన్నీ కలిసొస్తే 4, వానలు పడితే 14 అనుకుని, నడిమి అంకెకు నాలుగు రెట్ల బరువిచ్చి ఆరుతో భాగిస్తే 7 వస్తుందని చూపించారు. ఈ పద్ధతి 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం తయారుచేసుకున్న పెర్ట్‌లోనిదని, క్రిటికల్ పాత్ పద్ధతి ఆ రోజుల్లోనే డ్యూపాంట్ రసాయన కంపెనీలో వేరుగా పుట్టిందని తెలియడం వల్ల, రెండిటినీ ఒకటిగా కలిపి పలికే మా అలవాటు పోయింది. మైల్‌స్టోన్‌కు, అంటే పనిలో ఒక ఘట్టాన్ని చూపే గుర్తుకు, వ్యవధి సున్నా అని చెప్పడానికి కిటికీలోంచి మెట్రో పట్టాలను చూపించారు: మియాపూర్, అమీర్‌పేట, నాగోలు మార్గం 2017 నవంబరు 28న ప్రారంభమైంది, ఏళ్ల తరబడి సాగింది పని, చార్టు మీద ప్రారంభోత్సవం ఒక చుక్క.

స్కోప్ క్రీప్‌ను ఆయన ఒక్క వాక్యంలో తేల్చారు: మేస్త్రీ ఎలాగూ ఉన్నాడు కదా, ఆ గట్టు కూడా కట్టేయమనండి. ఇంటి యజమాని ఇలా అడిగితే అది స్కోప్ క్రీప్. అడగకుండానే కాంట్రాక్టరు తన ముచ్చట కొద్దీ కట్టేస్తే అది గోల్డ్ ప్లేటింగ్. రెండిటికీ మందు ఒకటే, చేంజ్ రిక్వెస్టు కాగితం. దీని మీద ఇంతకంటె చెప్పాల్సింది లేదు.

మాస్టారు ఇచ్చిన రెండు పేజీల తెలుగు పదపట్టిక గురించి మాత్రం కొంచెం నిలబడి మాట్లాడాలి. పరీక్ష తెలుగులో లేదు, పుస్తకాలు తెలుగులో లేవు. అయినా అర్థం తలకెక్కాలంటే సొంత భాషలో ఒకసారి అనుకోవాలని ఆయన పట్టుబట్టడం మెచ్చదగినది. అయితే ఆ పట్టికను ఎవరో తొందరలో నింపినట్టున్నారు. క్రిటికల్ పాత్‌ను క్లిష్ట మార్గం అన్నారు. ఆ దారిలోని పనులు క్లిష్టమైనవి కానక్కరలేదు, రంగులు వేయడం అందులోనే ఉంది. గడువును నిర్ణయించేది కనుక నిర్ణాయక మార్గం అంటే సరిపోతుంది. స్టేక్‌హోల్డరును వాటాదారు అన్నారు. వాటాదారు షేర్లున్నవాడు, మనం రోడ్డు మీద ఇసుక పోస్తే స్కూటరు తీయలేక తిట్టుకునే ఎదురింటాయనకు మన ఇంట్లో వాటా లేదు, కానీ ఆయన మునిసిపాలిటీకి ఒక ఫిర్యాదు రాస్తే పని ఆగుతుంది, కాబట్టి ఆయన స్టేక్‌హోల్డరే. రిస్కునూ ఇష్యూనూ రెండిటినీ సమస్య అనే రాశారు. ఇసుక దొరక్కపోవచ్చు అన్నది రిస్కు, ఇసుక దొరకలేదు అన్నది ఇష్యూ. మొదటిదానికి ముందుగా డబ్బూ దారీ చూసుకోవచ్చు, రెండోదానికి ఆ క్షణాన మనిషిని పురమాయించాలి. ఈ రెండిటినీ విడదీయలేని పట్టిక లేకపోయినా నష్టం లేదు. ఫ్లోట్‌కు నేను వెసులుబాటు అన్న మాట సూచిస్తే మాస్టారు సంతోషంగా దిద్దుకున్నారు.

నాలుగో వారంలో ఆయన రాలేదు. ఎర్న్‌డ్ వాల్యూ, అంటే అయిన పనిని రూపాయల్లో కొలిచి ప్రణాళికతోనూ ఖర్చుతోనూ పోల్చే లెక్క, చెప్పడానికి వేరొకరిని పంపారు. కోర్సు మొత్తంలో డబ్బుతో నేరుగా ముడిపడిన పాఠం అదే, చెడిపోయినదీ అదే. వచ్చినాయన బోర్డు నిండా సూత్రాలు రాసి, వాటిని కంఠస్థం చేసే కిటుకులు చెప్పి వెళ్లారు. నిజానికి విషయం సులువు. 40 లక్షల ఇల్లు. ఈ రోజుకు 20 లక్షల విలువైన పని కావాలని ప్రణాళిక. అయినది 16 లక్షల విలువైన పని. చెల్లించినది 18 లక్షలు. ఇంకా రెండు లక్షలు చేతిలో ఉన్నాయని యజమాని సంబరపడతాడు. 16ను 18తో భాగిస్తే 0.89, పెట్టిన రూపాయికి 89 పైసల పనే అవుతోంది, ఇదే తీరున సాగితే ఇల్లు 45 లక్షలకు తేలుతుంది. ఆ సంబరం ఎందుకు తప్పో చెప్పడమే ఈ లెక్క పుట్టుకకు కారణం, ఆయన ఆ సంగతే ఎత్తలేదు. పని ఎంత ఆలస్యంగా ముగిసినా చివరి రోజుకు షెడ్యూలు సూచిక (అయిన పని విలువను ప్రణాళిక విలువతో భాగిస్తే వచ్చేది) 1కి వచ్చి ఆగుతుంది కదా, అప్పుడు ఆలస్యం ఎక్కడ కనిపిస్తుందని నేను అడిగితే, అది సిలబస్‌లో లేదన్నారు. పూర్తయిన పని విలువ చివరికి ప్రణాళిక విలువతో సమానమైపోవడం వల్ల వచ్చే లోపం అది. దాన్ని సరిదిద్దే ఎర్న్‌డ్ షెడ్యూల్ పద్ధతి 2003 నుంచీ ఉంది. తెలియదంటే నేనే వెదుక్కునేవాణ్ణి.

అజైల్‌కు, అంటే పనిని చిన్న విడతలుగా చేస్తూ ప్రణాళికను మార్చుకుంటూ పోయే పద్ధతికి, ఒక్క పూట ఇచ్చారు. 2021 జనవరిలో మారిన పరీక్ష రూపంలో సుమారు సగం ప్రశ్నలు అజైల్, హైబ్రిడ్ (పాత తీరునూ అజైల్‌నూ కలిపిన) పద్ధతుల నుంచే వస్తాయి, పైగా మా బ్యాచ్‌లో ఎక్కువమంది సాఫ్ట్‌వేరు ఉద్యోగులు. స్ప్రింట్ (ఒక చిన్న విడత), బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) అన్న మాటలు వారికి కొత్త కావు; వాటిని స్థిరమైన గడువుతో, ఒప్పందంతో ఎలా అతికించాలన్నదే వారి ప్రశ్న, అది అక్కడే మిగిలిపోయింది. నమూనా పరీక్షలు కూడా పీఎంఐ వారి మార్గదర్శి గ్రంథం పీఎంబాక్ 2017 నాటి ఆరో కూర్పు మీద తయారైనవి. 49 ప్రక్రియల్లో దేని తరువాత ఏది అని అడుగుతాయి. నాకు కట్టడాల అనుభవం వల్ల మొదటి సగం అందింది గానీ, సాఫ్ట్‌వేరువారికి ఈ కోర్సు సిఫారసు చేయలేను.

గది మూడో అంతస్తులో ఉంది, ఏసీ బాగానే పనిచేస్తుంది, వెనక రెండు వరసలవారికి బోర్డు కింది సగం కనిపించదు, ముందుగా వెళ్లండి. నిర్మాణ రంగంలో ఉండి, చార్టులు వేస్తూ వాటిని చదవలేకపోతున్నవారు చేరవచ్చు, కానీ చేరే ముందు అన్ని వారాలూ ఎవరు చెబుతారో కాగితం మీద రాయించుకోవాలి. పాఠాల రికార్డింగులు 90 రోజులే తెరుచుకుంటాయి. దరఖాస్తు ఆమోదం పొందాక పరీక్ష రాయడానికి పీఎంఐ ఏడాది గడువు ఇస్తుంది కనుక ఈ 90 రోజులు ఎవరికీ చాలవు. పొడిగించమని అడిగితే ఇంకో 2,000 రూపాయలన్నారు. నేను కట్టలేదు. ఫోనులో తీసుకున్న ఆ ముహూర్తం లెక్క ఫొటో ఉంది, కాలువ బొమ్మతో సహా. దాన్ని ప్రింటు తీసి సైటు ఆఫీసు గోడకు అంటించాను, ఇప్పుడు వైరింగ్ కాంట్రాక్టరు వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబడి తనది ఏ ఆయకట్టో అడుగుతున్నాడు.