అటెన్‌బరోలో అటెన్‌బరోల కోసం: లెస్టర్, నాటింగ్‌హామ్‌లలో నాలుగు రోజులు

లెస్టర్ స్టేషనుకు దగ్గరలోని హోటల్లో కౌంటరు దగ్గరి కుర్రాడు నా పేరు కోసం కంప్యూటర్లో మూడుసార్లు వెతికాడు. బుకింగు చేసింది మా అమ్మాయి. అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత పెట్టింది. చివరికి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చూస్తే దొరికింది. తాళం కార్డు చేతికిస్తూ అతను నన్ను మర్యాదగా మా ఇంటిపేరుతో పిలిచాడు. అది కృష్ణా జిల్లాలో ఒక పల్లె పేరు. ఏ పల్లెనో రాయను, ఆ ఊరివాళ్ళు గుర్తుపట్టేస్తారు. అరవై దాటిన వయసులో ఒక మనిషి నన్ను ‘ఫలానా ఊరు గారూ’ అని పిలవడం అదే మొదటిసారి. మా ఆవిడ నవ్వాపుకోలేక పెట్టె జిప్పు సర్దుతున్నట్టు వంగింది.

నవ్వుకోవలసిన విషయమే. మేము వచ్చింది కూడా ఒక ఇంటిపేరు పని మీదే. రెడింగ్‌లో అమ్మాయి ఇంట్లో మూడు వారాలు కూర్చున్నాక, నాలుగు రోజులు ఎటైనా తిరిగి రమ్మని వాళ్ళే సాగనంపారు. అందరూ చెప్పిన సరస్సుల ప్రాంతం వదిలేసి నేను నాటింగ్‌హామ్ దగ్గరి అటెన్‌బరో అనే ఊరు ఎంచుకున్నాను. మనకు ఆ పేరు గాంధీ సినిమా తీసిన రిచర్డ్ వల్ల తెలుసు. మన ప్రభుత్వం ఆయనకు 1983లో పద్మభూషణ్ కూడా ఇచ్చింది. తరువాత టీవీలో జంతువుల గురించి చెప్పే తమ్ముడు డేవిడ్ వల్ల తెలుసు. ఈ ఇద్దరినీ మినహాయిస్తే మూడో అటెన్‌బరో పేరు చెప్పమంటే ఇంగ్లండులోనే చాలామంది తడుముకుంటారు. అంత అరుదైన ఇంటిపేరుకు ఒక సొంత ఊరు ఉందని, దానికొక రైల్వే స్టేషను కూడా ఉందని తెలిశాక వెళ్ళకుండా ఎలా ఉంటాను?

ముందు, దారిలో ఆగిన లెస్టర్ సంగతి. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి గంటంపావు ప్రయాణం. హోటలు మామూలుది, గది చిన్నది, కానీ శుభ్రంగా ఉంది, వేడినీళ్ళకు లోటు లేదు. శాకాహారులకు ఇంగ్లండులో ఇంతకంటే సుఖమైన ఊరు ఉండదేమో. బెల్‌గ్రేవ్ రోడ్డంతా గుజరాతీ మిఠాయి దుకాణాలు, చీరల కొట్లు, నగల కొట్లు. రెండు పూటలా అక్కడే తిన్నాం. ఢోక్లా బాగుంది, దోసె జోలికి మాత్రం వెళ్ళకండి.

ఆ రోడ్డు మీద పటేల్ అన్న బోర్డులు లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేను దగ్గర మానేశాను. అక్కడే నాకు ఇంటిపేర్ల లెక్క సగం అర్థమైంది. పటేల్ అంటే ఊరి పెద్ద. ఊరికొకడు ఉంటాడు కనుక వేల ఊళ్ళలో వేలమంది పటేళ్ళు పుట్టారు. ఇంగ్లండులో స్మిత్ కథా అంతే. స్మిత్ అంటే కమ్మరి, కొలిమి లేని ఊరు లేదు. అందుకే బ్రిటన్‌లో ఇప్పుడు స్మిత్‌లు ఐదు లక్షలు దాటి ఉన్నారు. వృత్తి పేరు ఊరూరా మొలుస్తుంది. ఒక చిన్న పల్లె పేరు ఇంటిపేరైతే ఆ ఒక్కచోటే మొలవాలి, అక్కడి నుంచే పాకాలి.

ఈ సంగతిని లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు రక్తంలో వెతికి చూశారు. 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్ర పద్ధతిని కనిపెట్టింది ఇక్కడే. పావు శతాబ్దం తరువాత ఇక్కడే టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 40 బ్రిటిష్ ఇంటిపేర్లు తీసుకుని, ఆ పేర్లున్న సుమారు 1,700 మంది మగవాళ్ళ వై క్రోమోజోములు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఇంటిపేరూ అంతే. రెండూ జోడెడ్లలా కలిసి నడుస్తున్నాయా లేదా అన్నది ప్రశ్న. స్మిత్‌లలో ఏ పోలికా కనబడలేదు, దారిన పోయే ఎవరిని పట్టుకున్నా అంతే. అటెన్‌బరోలలో మాత్రం పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిది ఒకటే రకం. అంటే వాళ్ళందరూ ఎప్పుడో ఒక తాత పిల్లలు. అయితే మొదట ఆ పేరు పెట్టుకున్నది ఒక్కడే అని దీనివల్ల తేలిపోదు. నలుగురు పెట్టుకుని ఉండవచ్చు, ముగ్గురి వంశాలు మగపిల్లలు లేక ఆగిపోయి ఉండవచ్చు. అరుదైన పేర్ల విషయంలో అదృష్టం పాత్ర పెద్దది.

మరునాడు రిచర్డ్ రాజు మ్యూజియం చూశాం. 1485లో బోస్‌వర్త్ యుద్ధంలో చచ్చిపోయిన ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో ఊరి మధ్య కార్ల పార్కింగు కింద దొరికింది. పక్కనే ఈ మ్యూజియం కట్టారు. టిక్కెట్టు ధర ఎక్కువే. సింహాసనాలు, కత్తులు, తెర మీద నటుల మాటలు నాకు పెద్దగా ఎక్కలేదు. చివరి గది మాత్రం ఆ డబ్బుకు న్యాయం చేసింది. నేల మీద గాజు పలక, దాని కింద అసలు గొయ్యి. ఎముకలు పడి ఉన్న ఆకారాన్ని వెలుగుతో చూపిస్తారు. గొయ్యి మనిషికి పొట్టి, తల ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. తొందరలో పూడ్చారని చూడగానే తెలుస్తుంది. నేను ఆ గదిలో చాలాసేపు ఉన్నాను.

ఆ ఎముకల పరీక్ష వెనకా టూరి కింగే ఉన్నారు. రాజు అక్కగారి నుంచి ఆడవాళ్ళ వరసలో దిగివచ్చిన ఒకాయన లండన్‌లో బల్లలు, కుర్చీలు చేసే పనివాడు. తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్‌ఏ ఆయనదీ రాజుదీ అతికినట్టు సరిపోయింది. 2015లో రాజును కెథడ్రల్‌లో మళ్ళీ ఖననం చేసినప్పుడు శవపేటిక చేసిందీ ఆయనే. ఇక మగవాళ్ళ వరసలో రాజుగారి జ్ఞాతులని పుస్తకాల్లో రాసి ఉన్న ఐదుగురిని పరీక్షిస్తే ఒక్కరిదీ రాజుతో కలవలేదు. వాళ్ళలోనే ఒకరిది మిగతా నలుగురితో కలవలేదు. “ఆడవాళ్ళ వరస తప్పలేదు, గమనించారా?” అంది మా ఆవిడ. గమనించాను. వంశవృక్షాలు గోడకు కట్టుకునే రాచకుటుంబం లెక్క ఇలా ఉంటే, పల్లెటూరి అటెన్‌బరోలు పదికి తొమ్మిది నిలబెట్టుకోవడం నాకు ముచ్చటేసింది.

విశ్వవిద్యాలయంలో 18 అంతస్తుల అటెన్‌బరో టవర్ ఉంది. అది అన్నదమ్ముల పేరు కాదు, ఇది ఇంకా కళాశాలగా ఉన్నప్పుడు 1932 నుంచి 1951 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న వాళ్ళ నాన్న ఫ్రెడరిక్ పేరు. అందులో ఒకప్పుడు ఆగకుండా తిరిగే లిఫ్టు ఉండేదట, కదులుతుండగానే ఎక్కి దిగాలి. ఇప్పుడు ఆపేశారు. మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది. నైటన్‌లోని అటెన్‌బరో చెట్ల తోటకు ఖాళీ ఉంటేనే వెళ్ళండి. చిన్నది, ప్రశాంతమైనది, డబ్బులు అడగరు. మధ్యయుగాల నాటి దున్నకపు గట్లు గడ్డి కింద అలలు అలలుగా ఇంకా కనిపిస్తాయి.

మూడో రోజు పొద్దున్నే అటెన్‌బరోకు రైలు. ఆగే బండి చూసుకుని ఎక్కాలి, వేగంగా పోయేవి ఆగవు. దారిలో రాట్‌క్లిఫ్ విద్యుత్ కేంద్రం ఎనిమిది గోపురాలు కిటికీ పక్కనే వస్తాయి. బ్రిటన్‌లో ఆఖరి బొగ్గు కేంద్రం, 2024 సెప్టెంబరు 30న మూతపడింది. ఆవిరి లేని ఆ గోపురాలను చూసి నాకు మా విజయవాడ ధర్మల్ స్టేషను గుర్తొచ్చింది.

అటెన్‌బరో స్టేషను అంటే రెండు ప్లాట్‌ఫారాలు, ఒక రైలు గేటు. గేటు దాటి పది నిమిషాలు నడిస్తే సెయింట్ మేరీ చర్చి, దాని సూది గోపురం. ఊరి పేరుకు పండితులు చెప్పే అర్థం: అడ్డా అనే మనిషి కట్టుకున్న కోట. పాత ఇంగ్లీషులో ‘బుర్హ్’ అంటే కోట, చివరి ‘బరో’ అదే. పేరులోనే అడ్డా ఉంది కనుక మనకు అనువాదం అక్కర్లేదు. ఇంటిపేర్ల నిఘంటువులు మరో దారి కూడా చూపిస్తాయి, ‘అటెన్’ అంటే పాత వాడుకలో ‘దగ్గర’ అని, దిబ్బ దగ్గరో తోపు దగ్గరో కాపురమున్నవాడని. నాకు అడ్డాగారే నచ్చారు.

చర్చి చుట్టూ సమాధులు. ఎండ బాగా కాస్తోంది. నల్ల పలకరాళ్ళ మీద అక్షరాలు రెండు వందల ఏళ్ళ తరువాత కూడా నిన్న చెక్కినట్టున్నాయి, ఇసుకరాళ్ళ మీదవి మాత్రం పొరలుగా రాలిపోయాయి. ఇద్దరం చెరో వరస పంచుకుని చదివాం. గంట తిరిగినా మాకు చదవడానికి వీలైన రాళ్ళలో ఒక్క అటెన్‌బరో తగల్లేదు. ఆ ఊళ్ళో పుట్టిన పేరున్న మనిషి హెన్రీ ఐర్టన్. 1611లో చర్చి పక్కింట్లో పుట్టాడు, రాజు తల తీయించి ఇంగ్లండును ఏలిన క్రామ్‌వెల్‌కు అల్లుడయ్యాడు. 1651లో చనిపోతే, పదేళ్ళ తరువాత రాజు మనుషులు శవాన్ని తవ్వితీసి ఉరికంబానికి వేలాడదీశారు. ఐర్టన్ అన్నది కూడా ఊరి పేరే, పక్కనున్న డెర్బీషైర్‌లోని పల్లె.

చర్చి గోడ మీద కూర్చుని ఇడ్లీలు తింటుంటే తట్టింది. ఏలూరులో పుట్టి ఏలూరులోనే ఉన్నవాణ్ణి ఏలూరివాడని ఎవరంటారు? వాడు గుంటూరు వెళ్ళి మకాం పెట్టినప్పుడు పక్కింటివాళ్ళు అంటారు. ఊరు విడిచినవాడికే ఊరి పేరు అంటుకుంటుంది. మా ఇంటిపేరున్న పల్లెలో మా ఇంటిపేరువాళ్ళు ఒక్కరూ లేరు, నాకు తెలిసినంతలో ఎప్పుడూ లేరు. చిన్నప్పుడు ఒకసారి నాన్నతో అక్కడి గుడికి వెళితే పూజారి గోత్రం, ఇంటిపేరు అడిగి, విని, “ఊరు కాదండీ, ఇంటిపేరు” అన్నాడు.

ఊరి పక్కనే, ట్రెంట్ నది ఒడ్డున, కంకర తవ్విన గుంటలు నీళ్ళతో నిండి సరస్సులయ్యాయి. 1966లో దాన్ని అభయారణ్యంగా ప్రారంభించింది డేవిడ్ అటెన్‌బరోయే. ఈ యాత్రలో ఒక్కటే చూడాలంటే ఇది చూడండి. చక్రాల కుర్చీ పోయేంత చదునైన దారులు, నీళ్ళ నడుమ సందర్శకుల భవనం, శుభ్రమైన మరుగుదొడ్లు, మంచి కాఫీ. తలమీద తురాయి ఉన్న నీటిపక్షి ఒకటి చారల పిల్లను వీపున ఎక్కించుకుని మాకు మూడు గజాల దూరంలో ఈదింది. తల్లి మునిగినప్పుడు పిల్ల నీటి మీద బెండులా తేలి, మళ్ళీ ఎక్కింది. మనుషుల్లో అరుదైన ఈ ఇంటిపేరు జీవజాతుల్లో మాత్రం జోరుగా పెరుగుతోంది: డేవిడ్ పేరు పెట్టిన మొక్కలు, జంతువులు, శిలాజాలు యాభై దాటాయి. ఫిలిప్పీన్స్‌లో పురుగులను తినే ఒక పెద్ద కూజా మొక్కకు కూడా ఆయన పేరే.

ఆ రాత్రి బస బీస్టన్‌లో, ఒక పబ్బు మీది గదిలో. పేరు రాయను. లిఫ్టు లేదని బుకింగులో రాయలేదు, రెండంతస్తులు పెట్టె మోశాను. కింద ఫుట్‌బాల్ మ్యాచి అరుపులు అర్ధరాత్రి దాకా. శాకాహార ఫలహారం అంటే చల్లటి చిక్కుడుగింజలు, పుట్టగొడుగు ఒకటి. పొద్దున ఫిర్యాదు చేస్తే ఆ అమ్మాయి నిజంగా బాధపడింది కానీ ఒక్క పౌండూ తగ్గించలేదు. ఊరు మాత్రం బాగుంది, ట్రాము ఉంది. మళ్ళీ వెళ్ళినా బీస్టన్‌లోనే ఉంటాను, వేరే గదిలో.

చివరి రోజు ఆ ట్రాములోనే ఆఖరి స్టాపు టోటన్ లేన్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి స్టేపుల్‌ఫర్డుకు నడిచాం. ఏ యాత్రా పుస్తకమూ వెళ్ళమనని చిన్న పట్టణం. కానీ ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టింది ఇక్కడే. పేరు పుట్టిన పల్లెకు ఇది ఐదారు కిలోమీటర్ల దూరం. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు, ఇంటిపేరు అంటుకోవడానికి ఆ దూరం చాలు. 1881 జనాభా లెక్కల్లో చూసినా ఆ పేరువాళ్ళు ఎక్కువగా నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్‌ల చుట్టుపక్కలే ఉన్నారు. తరతరాలుగా ఒకే ప్రాంతం పట్టుకుని ఉన్నారన్నమాట.

సెయింట్ హెలెన్స్ చర్చి ఆవరణలో ఆంగ్లో-శాక్సన్ కాలపు రాతి స్తంభం ఉంది. గుండ్రంగా, మనిషికంటే ఎత్తుగా, ఒళ్ళంతా అల్లిన తాడులాంటి చెక్కడం. వానకు అరిగి కొన్నిచోట్ల వేలితో తడిమితేనే అల్లిక తెలుస్తుంది. ఈ ఊళ్ళో పుట్టిన ఫ్రెడరిక్ పెద్దయ్యాక శాక్సన్ రాజుల చట్టాలను పరిష్కరించి 1922లో పుస్తకం వేశాడు. ఆయన ఇంటిపేరులోనూ శాక్సన్ మనిషి అడ్డా ఉన్నాడు.

స్టేపుల్‌ఫర్డు వెళ్ళేవాళ్ళు చర్చి ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కోండి. మేము వెళ్ళేసరికి తలుపు వేసి ఉంది. స్తంభం బయటే ఉంది కనుక సరిపోయింది. కాఫీకి మాత్రం మళ్ళీ బీస్టన్ దాకా రావలసి వచ్చింది.