పాత సినిమా హాలును బతికించే మూడు పద్ధతులు: ఏది మేలు?

నూరేళ్ల నాటి సినిమా హాలుకు పైకప్పు బాగుచేయించి, గోడలకు పాత రంగులే మళ్లీ వేయించి, కుర్చీలు మార్పించడం ఎంత ఖర్చుతో కూడిన పనైనా, ఒకసారి చేస్తే కొన్ని దశాబ్దాలపాటు నిలుస్తుంది. ఆ హాల్లో వచ్చే రెండు మూడు నెలల్లో ఏ సినిమాలు ఆడించాలి, ఏ వారం ఏది వేయాలి, దేని పక్కన దేన్ని పెట్టాలి అన్నది మాత్రం ప్రతి సీజనుకూ కొత్తగా తేల్చుకోవలసిందే. అందుచేత ఒక పాత హాలు నిజంగా బతికిందో లేదో తెలుసుకోవాలంటే గోడల కంటే ముందు దాని కేలెండరు ఎవరి చేతిలో ఉందో చూడాలని నా అభిప్రాయం. ఈ విషయం పోల్చి చూడటానికి కాలిఫోర్నియాలో 1922కూ 1925కూ మధ్య తెరుచుకున్న మూడు హాళ్లు బాగా పనికివస్తాయి. అవి పాలో ఆల్టోలోని స్టాన్‌ఫర్డ్ థియేటర్, హాలీవుడ్‌లోని ఈజిప్షియన్ థియేటర్, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో థియేటర్. మొదటిదాన్ని ఒక సంపన్న సినీప్రియుడు నిలబెట్టారు. రెండోదాన్ని మొదట లాభాపేక్ష లేని ఒక సంస్థ, ఆ తరువాత ఒక స్ట్రీమింగ్ కంపెనీ నిలబెట్టాయి. మూడోదాన్ని సంగీత కచేరీలు నిర్వహించే ఒక సంస్థ చేపట్టింది.

స్టాన్‌ఫర్డ్ థియేటర్ 1925లో పాలో ఆల్టో ప్రధాన వీధి అయిన యూనివర్సిటీ అవెన్యూలో తెరుచుకుంది. పేరు స్టాన్‌ఫర్డే అయినా అది విశ్వవిద్యాలయానికి చెందిన హాలు కాదు. నర్తకుడు, నటుడు ఫ్రెడ్ ఆస్టేర్ కన్నుమూసిన 1987 వేసవిలో డేవిడ్ వుడ్లీ ప్యాకార్డ్ ఈ హాలును కొద్దిరోజులకు అద్దెకు తీసుకుని ఆస్టేర్ చిత్రోత్సవం నడిపారు. ఆయన హ్యూలెట్-ప్యాకార్డ్ వ్యవస్థాపకుల్లో ఒకరి కుమారుడు, ప్రాచీన గ్రీకు సాహిత్యంలో పండితుడు. జనం బాగా రావడంతో అదే ఏడాది ఆయన కుటుంబ ఫౌండేషన్ హాలును కొనుగోలు చేసింది. 1925 నాటి అలంకరణను తిరిగి రప్పించి 1989 డిసెంబరులో తలుపులు తెరిచారు. హాల్లో దాదాపు 1,175 సీట్లున్నాయి.

ఇక్కడి పద్ధతి చెప్పుకోవడానికి సులువైనది, నడపడానికి కష్టమైనది. 1920ల నుంచి 1960ల మధ్యకాలం దాకా వచ్చిన హాలీవుడ్ చిత్రాలను, సాధ్యమైనంతవరకు 35 ఎం.ఎం. ప్రింట్ల మీదే, ఒక టికెట్టుకు రెండు సినిమాల చొప్పున చూపిస్తారు. ఆ టికెట్టు ధర కూడా చాలా ఏళ్లపాటు ఏడు డాలర్లే. సీజను మొత్తం కార్యక్రమాన్ని ముందుగానే ఒక కేలెండరుగా అచ్చువేస్తారు. ఒక దర్శకుడినో, ఒక తారనో, ఒక స్టూడియోనో తీసుకుని వారాల తరబడి సినిమాలు జతలు జతలుగా వేయడంలోనే ఈ హాలు తెలివి అంతా ఉంది. మొదటి ఆటలో చూసిన నటి రెండో ఆటలో పూర్తిగా భిన్నమైన పాత్రలో కనిపించినప్పుడు, ఏ వ్యాసమూ చెప్పలేని సంగతి ప్రేక్షకుడికి తనంతట తానే అర్థమవుతుంది. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఏటా ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ వేయడం ఇక్కడి ఆనవాయితీ. ఇళ్లలో టీవీలో వంద సార్లు చూసినవారు కూడా ఆ ఆటకు ముందే టికెట్లు కొనుక్కుంటారు.

సాయంత్రం ఆటకు కాస్త ముందుగా వెళితే, మూకీ చిత్రాల కాలంలో హాళ్లలో సంగీతం కోసం వాడిన వుర్లిట్జర్ ఆర్గన్ అనే పెద్ద వాద్యాన్ని వినవచ్చు. తెర ముందు నేలలోంచి వాద్యమూ, దాని ముందు కూర్చున్న వాద్యకారుడూ కలిసి పైకి వస్తారు. ఆట వేళకు ఆయన వాయిస్తూ వాయిస్తూనే కిందికి దిగిపోతారు. ఆ తరువాత తెర కుడివైపు పైమూలను కనిపెట్టి చూడండి. సుమారు ఇరవై నిమిషాలకొకసారి అక్కడ ఒక చుక్క రెప్పపాటు మెరుస్తుంది. రీలు అయిపోవస్తోందని ఆపరేటరుకు అది గుర్తు. మొదటి చుక్క పడగానే రెండో ప్రొజెక్టరు మోటారును నడుపుతారు. ఏడెనిమిది సెకన్ల తరువాత రెండో చుక్క పడగానే బొమ్మను దాని మీదికి మారుస్తారు. మన ఊళ్లలోనూ రెండు ప్రొజెక్టర్లున్న హాళ్లలో జరిగింది ఇదే. ఆపరేటరు కునుకు తీస్తే తెర తెల్లబడటం, నేల టికెట్టు వాళ్లు ఈలలు వేయడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఇంత చెప్పిన తరువాత దీని లోపాలూ చెప్పాలి. ఏడు డాలర్లకు రెండు సినిమాలు చూపించి, ఆపరేటరుకూ వాద్యకారుడికీ జీతాలిచ్చి, అంత పెద్ద భవనాన్ని శుభ్రంగా ఉంచడం టికెట్ల ఆదాయంతో జరిగే పని కాదు. ఫౌండేషన్ డబ్బు ఉన్నంతకాలమే ఈ ధర ఉంటుంది. పైగా కేలెండరులో కనిపించేది ప్రధానంగా ఒక మనిషి అభిరుచి. అది గొప్ప అభిరుచే అయినప్పటికీ, 1960ల తరువాత సినిమా అనేదే పుట్టలేదన్నట్టుగా సాగే కార్యక్రమం ఇరవై ఏళ్ల కుర్రవాణ్ణి ఎంతకాలం పట్టి ఉంచుతుందో చెప్పలేం.

ఈజిప్షియన్ థియేటర్ కథ ఇంకా మెలికలు తిరిగినది. సినిమా హాళ్ల యజమాని సిడ్ గ్రౌమన్ దీన్ని 1922 అక్టోబరు 18న తెరిచారు. ఎర్రతివాచీ పరిచి తారలను ఊరేగించే హాలీవుడ్ ప్రీమియర్ల సంప్రదాయానికి ఇదే పుట్టిల్లని చెబుతారు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో భవనం బాగా దెబ్బతింది. బాగుచేసి సినిమాలు ఆడించాలన్న షరతు మీద 1996లో లాస్ ఏంజెలెస్ నగరం దీన్ని అమెరికన్ సినిమథెక్ అనే లాభాపేక్ష లేని సంస్థకు ఒకే ఒక్క డాలరుకు ఇచ్చింది. ఆ సంస్థ 1998 డిసెంబరులో తలుపులు తెరిచింది. కానీ భవనం భారం మోయడం ఒక ఎత్తు, కార్యక్రమం నడపడం ఒక ఎత్తు. 2020లో నెట్‌ఫ్లిక్స్ భవనాన్ని కొని, దాదాపు ఏడు కోట్ల డాలర్లు పెట్టి మళ్లీ బాగుచేయించి 2023 నవంబరులో తెరిచింది.

అమ్మకం వార్త విని, అయిపోయింది, ఇది కూడా కంపెనీ ప్రచార మండపమైపోయిందని బెంగపడినవారు తక్కువేమీ కాదు. వారి భయంలో సగం నిజమైంది. సోమవారం నుంచి గురువారం దాకా హాలు నెట్‌ఫ్లిక్స్‌ది, తన ప్రీమియర్లకూ ప్రదర్శనలకూ వాడుకుంటుంది. అయితే శుక్ర, శని, ఆదివారాలు మాత్రం సినిమథెక్‌వి, ఆ రోజుల్లో ఏం వేయాలో ఆ సంస్థే స్వతంత్రంగా నిర్ణయించుకుంటుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, వారాంతం దక్కింది సినిమథెక్‌కే. జనం వచ్చే మూడు రోజులను పోగొట్టుకుని సోమ, మంగళవారాలు మిగుల్చుకున్న ఒప్పందమే అయితే నేను ఇంత ఉదారంగా మాట్లాడేవాణ్ణి కాను.

ఈ హాలుకున్న మరో ప్రత్యేకత నైట్రేట్ ప్రింట్లు. 1950ల ఆరంభం దాకా సినిమాలకు వాడిన నైట్రేట్ ఫిల్ముకు నిప్పు అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, ఎందుకంటే మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. అటువంటి ప్రింటును ఆడించాలంటే ప్రొజెక్టరు గదిని మంటలు బయటికి రాకుండా కట్టాలి, బొమ్మ బయటికి వచ్చే కిటికీలకు క్షణంలో మూసుకునే లోహపు రేకులు అమర్చాలి. అమెరికా మొత్తంలో ఆ ఏర్పాటున్న హాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. వాటిలో ఈజిప్షియన్ ఒకటి. కొత్త మరమ్మతుల్లో కంపెనీ దాన్ని తీసివేయకుండా నిలుపుకోవడం నాకు పైకప్పు అలంకరణ కంటే మెచ్చుకోదగినదిగా కనిపిస్తుంది. సీట్లు మాత్రం ఇప్పుడు 516 మాత్రమే.

తెలుగువారికి సినిమథెక్ పేరు తెలిసి ఉండవలసిన కారణం ఒకటుంది. ఈజిప్షియన్ ఇంకా మూతపడి ఉన్న 2022 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, బియాండ్ ఫెస్ట్ అనే చిత్రోత్సవంతో కలిసి రాజమౌళి చిత్రాలను వరుసగా లాస్ ఏంజెలెస్‌లో ప్రదర్శించినది ఈ సంస్థే. గ్రౌమన్ కట్టించిన మరో హాలైన చైనీస్ థియేటరులో ‘ఆర్.ఆర్.ఆర్.’ ఆడినప్పుడు అమెరికన్ ప్రేక్షకులు లేచి చిందులేసిన దృశ్యాలు మన వాళ్లందరి ఫోన్లకూ చేరాయి. ఒక తెలుగు దర్శకుడి పాత చిత్రాలను కూడా కలిపి వరుసగా చూపించడం, ఒకే ఒక్క అభిరుచి మీద నడిచే హాల్లో జరగడం కష్టం. పలువురు కూర్చుని కార్యక్రమం అల్లే చోటే అది సాధ్యపడుతుంది. ఈ ఒక్క విషయంలో స్టాన్‌ఫర్డ్ కంటే సినిమథెక్ పద్ధతి నిస్సందేహంగా మేలు.

కాస్ట్రో థియేటర్ గురించి రాయడం నాకు కొంత ఇబ్బందికరం, ఎందుకంటే మూడింటిలోనూ ఎక్కువమంది ప్రేమించిన హాలు అదే. టిమోతీ ఫ్లూగర్ రూపకల్పనలో నాసర్ సోదరులు 1922 జూన్‌లో దీన్ని తెరిచారు. 1977లో నగరం దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది. 1970ల నుంచి ఇది పాత సినిమాలకూ, ఉత్సవాలకూ నిలయంగా మారింది. ఎల్‌జీబీటీ చిత్రోత్సవం ఫ్రేమ్‌లైన్, మూకీ చిత్రాల ఉత్సవం, నేరకథల నలుపు తెలుపు చిత్రాలతో జనవరిలో జరిగే నోయిర్ సిటీ, ఇవన్నీ ఇక్కడ పెరిగి పెద్దయ్యాయి. 2022 జనవరిలో అనదర్ ప్లానెట్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే కచేరీల సంస్థ నిర్వహణ చేపట్టి, కింది అంతస్తులోని స్థిరమైన కుర్చీలు తీసివేసి, కచేరీలకు అనువుగా నేలను మార్చుతామని ప్రకటించింది. సినిమా ప్రేమికులూ, ఆ పేటలోని వారూ వ్యతిరేకించారు. ఏడాదికి పైగా వాదోపవాదాలు నడిచిన తరువాత 2023లో అనుమతులు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో మరమ్మతుల కోసం మూసి, 2026 ఆరంభంలో తెరిచారు.

కుర్చీల కోసం ఇంత గొడవేమిటని అడగవచ్చు. మన ఊళ్లలో సినిమా హాలును ఫంక్షన్ హాలుగా మార్చినప్పుడు మొదట పోయేది కుర్చీల వరుసలే. ఆ తరువాత అక్కడ పెళ్లి జరుగుతుంది గానీ మళ్లీ మార్నింగ్ షో పడదు. కాస్ట్రోలో సినిమాలు పూర్తిగా ఆగిపోలేదు, ఆ సంస్థ వాటికీ చోటిస్తామనే చెబుతోంది. అయినా కచేరీల తేదీలు ముందుగా నిండిపోయి, మిగిలిన ఖాళీల్లో సినిమాలు సర్దుకోవలసిన చోట సీజను అనేది ఉండదు. నోయిర్ సిటీ ఓక్లండ్‌లోని గ్రాండ్ లేక్ థియేటరుకు తరలిపోయింది. మూకీ చిత్రాల ఉత్సవం 2024లో ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌కూ, ఆ మరుసటి ఏడాది ఒరిండాకూ చేరింది. భవనం ముచ్చటగా మెరుస్తూనే ఉంది, దాన్ని నింపిన ఉత్సవాలు మాత్రం అది మూసి ఉన్న కాలంలో ఊరూరా తిరగవలసి వచ్చింది. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. వేయికి పైగా సీట్లున్న హాలును సినిమా టికెట్ల మీదే నడపడం నేడు ఎవరి తరమూ కాదు, ఆ పేటలో ప్యాకార్డ్ వంటి దాత ఎవరూ ముందుకు రాలేదు. కచేరీలు లేకపోతే పైకప్పు బాగుచేయడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు వ్యతిరేకించినవారి దగ్గర గట్టి జవాబు నాకు కనిపించలేదు.

ఇక ఏది మేలు? చూసే మనిషిగా అడిగితే స్టాన్‌ఫర్డ్‌కే నా ఓటు. ప్రింటు నాణ్యత, టికెట్టు ధర, జతలు కూర్చే నేర్పు, ఈ మూడింటిలోనూ దానికి పోటీ లేదు. కానీ హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక పాత సింగిల్ స్క్రీన్‌ను నిలబెట్టాలనుకునేవారు ఏ నమూనాను అనుసరించాలని అడిగితే, నేను ఈజిప్షియన్ వైపు చూపిస్తాను. కోట్లు ధారపోసే దాత దొరకడం అదృష్టం మీద ఆధారపడిన విషయం, దాన్ని పథకంగా రాసుకోలేం. హాలు యజమాని తన వ్యాపారం తాను చేసుకుంటూ, వారంలో కొన్ని రోజులు, అవి కూడా జనం వచ్చే రోజులు, ఒక ఫిల్మ్ సొసైటీ చేతికి ఇవ్వడం ఎక్కడైనా రాతకోతలతో కుదుర్చుకోగల ఏర్పాటు.

పాత సినిమాలకు మన దగ్గర ప్రేక్షకులు లేరన్న వాదం ఇప్పుడు చెల్లదు. 2022 ఆగస్టు 9న మహేశ్ బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలు వేసినప్పటి నుంచి రీరిలీజులు రివాజయ్యాయి. లోపమల్లా, అవి హీరో పుట్టినరోజుతో మొదలై మర్నాటికి ముగిసిపోతాయి. ఒకే సంగీత దర్శకుడి చిత్రాలు ఆరు వారాలు, లేదా ఒకే ఛాయాగ్రాహకుడి చిత్రాలు నాలుగు వారాలు వరుసగా వేసే కేలెండరు మన హాళ్లలో దేనికీ అలవాటు కాలేదు. పాత ప్రింట్లు ఎక్కడున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో వెతికి పట్టుకునే పని యజమానికి ఉండదు గనుక, ఆ పనికే పూనుకున్న ఒక సంస్థ పక్కన ఉండాలి.

బే ఏరియాలో ఉండి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను స్టాన్‌ఫర్డ్‌కు తీసుకువెళ్లాలనుకునేవారికి ఒక సూచన. సన్నీవేల్ నుంచి గానీ మౌంటెన్ వ్యూ నుంచి గానీ కాల్‌ట్రెయిన్ ఎక్కి పాలో ఆల్టోలో దిగితే హాలు నాలుగడుగుల దూరం. అయితే 1930ల నాటి హాలీవుడ్ నటుల వేగవంతమైన ఇంగ్లీషుకు తెర కింద అక్షరాలు ఉండవు, పెద్దవాళ్లకు అరగంటలో విసుగు పుడుతుంది. కేలెండరు చూసి, ఆర్గన్ వాయిద్యంతో వేసే మూకీ చిత్రం ఉన్న రోజును ఎంచుకోండి.