మేత బస్తాలు మోసే విద్యుత్ ట్రాలీ ఆటో: పొగ లెక్కతో సహా

నరసాపురం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువులకు మేత బస్తాలు, పట్టుబడి రోజుల్లో ఐసు మోయడానికి మేము పాత డీజిల్ బండి అమ్మేసి విద్యుత్ ట్రాలీ ఆటో తీసుకున్నాం. ఇది పొగను నిజంగా ఎంత తగ్గిస్తుందన్నదే నేను ముఖ్యంగా చూశాను, ఎందుకంటే పొగలోని కార్బన్ డయాక్సైడులో పెద్ద వాటా చివరికి చేరేది ఉప్పుటేరు గుండా మన చెరువుల్లోకి వచ్చే ఆ సముద్రపు నీటిలోకే.

బరువు మోయడంలో వంక పెట్టడానికి లేదు. ఇరవై బస్తాలు వేసుకుని ఏటిగట్టు ఎక్కేటప్పుడు డీజిల్ బండి గేర్లు మార్చుకుంటూ మూలిగేచోట ఇది ఒకే ఊపున ఎక్కుతుంది. వానాకాలంలో చెరువు గట్ల మీది బురదలో మాత్రం చిన్న చక్రాలు కూరుకుపోతున్నాయి. ఉప్పుగాలికి ఛార్జింగు పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతోంది. దాని రబ్బరు మూత వదులుగా ఉండటం తయారీలోని లోపమే.

లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. పాత బండి లీటరుకు 25 కిలోమీటర్లు నడిచేది, అంటే కిలోమీటరుకు 108 గ్రాములు. కొత్తది యూనిట్‌కు 8 కిలోమీటర్లు నడుస్తోంది. పొగగొట్టమే లేదు కదా అని అమ్మేవారు అంటారు గానీ, మన దేశపు కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కనుక యూనిట్‌కు సగటున 0.7 కిలోల వరకు ఆ వాయువు వెలువడుతుంది. ఆ లెక్కన ఈ బండి వాటా కిలోమీటరుకు సుమారు 88 గ్రాములు. తగ్గింది ఐదో వంతు కూడా కాదు. పగటిపూట షెడ్డు మీది సోలార్ పలకలతో ఛార్జి చేసినప్పుడే, నడకకయ్యే పొగ దాదాపు సున్నాకు దిగుతుంది.

ఇంత పట్టుగా చూడటానికి కారణం ఉంది. విద్యుత్ కేంద్రాలు, ఉక్కు, సిమెంటు కర్మాగారాలు, లారీలు, ఓడలు, విమానాలు వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. సిమెంటు సంగతి మరీ ఘోరం: కొలిమిలో మండే ఇంధనపు పొగ ఒక ఎత్తయితే, సున్నపురాయి కాలేటప్పుడు రాతిలోంచే వెలువడే వాయువు మరో ఎత్తు. (మన వైపు గుల్లను కాల్చి సున్నం చేసినప్పుడు జరిగేదీ ఇదే.) నీటిలో కరిగిన ఆ వాయువు కార్బానిక్ ఆమ్లమై, నత్తలూ ఆల్చిప్పలూ గుల్ల కట్టుకోవడానికి కావలసిన కార్బొనేట్‌ను తగ్గిస్తుంది. పారిశ్రామిక విప్లవానికి ముందు 8.2 దగ్గరున్న సముద్ర ఉపరితలపు పీహెచ్ (నీటి ఆమ్లతను చూపే కొలత, అంకె తగ్గితే ఆమ్లత పెరిగినట్టు) ఇప్పుడు 8.1 దగ్గరకు దిగింది. తెల్లవారుజాముకూ సాయంత్రానికీ మధ్య చెరువులో అంతకన్నా పెద్ద తేడా చూసే రైతుకు ఇది లెక్కలోకి రాదనిపించవచ్చు. కానీ ఆ కొలతలో ఒక్కో అంకెకు పదిరెట్ల తేడా ఉంటుంది కనుక ఆమ్లత దాదాపు 30 శాతం పెరిగినట్టు. పైగా చెరువు ఎండ పొడకు కోలుకుంటుంది, సముద్రానికి వేల ఏళ్లు పడుతుంది.

షెడ్డు మీద సోలార్ ఉండి, రోజుకు 70 కిలోమీటర్ల లోపు తిరిగేవారు దీన్ని నిశ్చింతగా కొనవచ్చు. విశాఖ దాకా సరుకు తోలేవారికి ఇది చాలదు. మూత మార్చి ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.